తొలి తప్పు బొమ్మ మీదనే పడల్ల

జరగండప్పా, మంట కాడికి జరగండి. కందికట్టె బాగా ఎండింది, చానాసేపు నిలుస్తాది. పొగ అటు పోతాంది, ఇటుపక్కకు వచ్చి కూర్చోండి.

మన పాప నర్సింగ్ కాలేజీ నుంచి సెలవలకు వచ్చినకాడి నుంచి ఒకటే మాట చెప్తాంది. వాళ్ల కాలేజీలో ఊపిరి తీసే బొమ్మ ఉందంట. నాడి పట్టి చూస్తే కొట్టుకుంటాదంట. కానుపు కూడా చేసి చూపిస్తాదంట. మీరంతా నోరు తెరుచుకొని వింటిరి. నేను కూడా విన్నా, సంతోషపడినా. అయితే ఆ బొమ్మ ఈపొద్దు పుట్టింది కాదు. దానికీ అవ్వలుండారు, ముత్తవ్వలుండారు. బట్టతో చేసినవి, తోలుతో చేసినవి, మైనంతో చేసినవి, కాగితం గుజ్జుతో చేసినవి. మనిషి ఎముకతోనే చేసినవీ ఉండాయి. ఆ పాత బొమ్మలు ఎంతమంది ప్రాణాలు కాపాడినాయో చెప్తా, వినండి.

ముందు మన సీమ సంగతి చెప్పల్ల. మన అనంతపురానికి ఏడాదికంతా కలిపి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేరు తర్వాత ఇంత తక్కువ వాన మనకే అని పెద్దోళ్లు చెప్తాంటారు. వాన లేకపోతే శనక్కాయ లేదు, శనక్కాయ లేకపోతే ఇంట్లో గింజ లేదు. కరువు ఏళ్లలో పెరిగిన ఆడపిల్లకు తిండి చాలక ఎముక ఎదగదు. ఆ పిల్లే పెండ్లయి కడుపుతో ఉంటే, బిడ్డ దిగే దోవ ఇరుకైతాది. కరువు పొలంతో పోయేది కాదు నాయనా, తల్లి నడుములో కూడా నిలుస్తాది. అందుకే ఈ నేల మీద కానుపు చేసేదానికి ఎక్కువ నేర్పు కావల్ల.

ఆ నేర్పు ఎవరికుండేది? మంత్రసానికి. నా చిన్నప్పుడు ఊర్లో ఎవరికి నొప్పులొచ్చినా నడిజామున లాంతరు పట్టుకొని ఆమె ఇంటికి పరిగెత్తేటోళ్లు. ఆమె చదువుకోలేదు. ఆమె చేతికి మాత్రం చానా తెలుసు. కడుపు మీద చెయ్యి పెట్టి తల ఎటుందో, కాళ్లు ఎటుండాయో చెప్పేది. అయితే ఆమెకు కూడా తెలియనివి కొన్ని ఉండె. బొడ్డు కోసేదానికి ఏది చేతికి దొరికితే అది, కొడవలి అయినా సరే. కోసిన చోట బూడిదో పేడో పెట్టేటోళ్లు. వారం తిరక్కుండానే బిడ్డ పాలు తాగడం మానేసి, దవడ బిగుసుకొని, ఒళ్లు విల్లు మాదిరి వంగి, ప్రాణం పోయేది. ధనుర్వాతం. దాన్ని గాలి సోకింది అనుకునేటోళ్లు.

మంత్రసాని ఈ పని ఎట్ల నేర్చుకునేదో తెలుసునా? అత్త పక్కన కూర్చొని చూసి నేర్చుకునేది. చూసేది ఒకటి, చేసేది ఒకటి. మొట్టమొదటిసారి ఆమె చెయ్యి పెట్టేది బతికున్న ఒక తల్లి మీదనే. చెయ్యి తడబడితే ఆ తల్లికే దెబ్బ. నేర్చుకునే మనిషి ఎప్పుడో ఒకసారి తప్పు చేస్తాది. ఆ తప్పు ఎవరి మీద పడల్ల? నేను చెప్పబోయే కథంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

నేను ఏఎన్ఎం ట్రైనింగుకు పోయింది అరవై ఏడులోనో ఎనిమిదిలోనో. మా నాయన ఒప్పుకోలే, మా యమ్మ ఒప్పించింది. ఆ ట్రైనింగు బడిలో ఒక గది ఉన్నింది. అద్దాల బీరువాలో అస్థిపంజరం నిలబడి ఉండేది. గోడకు బట్ట మీద అచ్చేసిన పటాలు. గుండె ఒకదాంట్లో, పేగులు ఒకదాంట్లో. బల్ల మీద ఒక పెట్టె. ఆ పెట్టెలో రెండే రెండు వస్తువులు. ఒకటి నడుము ఎముకల వలయం, దాన్నే పెల్విస్ అంటారు. ఇంకొకటి బట్టతో కుట్టి లోపల కూరిన పసిబిడ్డ బొమ్మ. తల మాత్రం గట్టిగా ఉండేది, దాని మీద మాడు గుర్తులు గీసి ఉండేవి. మేము దాన్ని ‘డమ్మీ అండ్ పెల్విస్’ అనేటోళ్లం. డాక్టర్లు కావల్లన్నా, నర్సులు కావల్లన్నా పరీక్షలో ఆ రెండూ చేతికిచ్చి, బిడ్డ ఎట్ల పుడతాదో చేసి చూపించమంటారు. ఈపొద్దు కూడా అంతే కదా పాపా?

పుస్తకంలో రాసింది నాకు ఎంత చదివినా తలకెక్కలే. పెల్విస్ పై ద్వారం అడ్డంగా 13 సెంటీమీటర్లు, ముందూ వెనకా 11. కింది ద్వారం దానికి తిరగబడి, అడ్డంగా 11, ముందూ వెనకా 13. బిడ్డ తల చూస్తే ముందూ వెనకా పొడుగు, అడ్డం తక్కువ. పైన అడ్డంగా చోటుంది, కింద నిలువుగా చోటుంది. మరి బిడ్డ ఎట్ల దిగల్ల? మా సిస్టర్ ట్యూటరమ్మ బొమ్మను నా చేతికిచ్చి, ‘నువ్వే దించు’ అనె. నేను నేరుగా తోస్తే ఇరుక్కునె. మళ్లా తోస్తే మళ్లా ఇరుక్కునె. అప్పుడామె నా చెయ్యి పట్టుకొని బొమ్మ మొహం పక్కకు తిప్పె. గడ్డం రొమ్ముకు ఆనించె. మెల్లగా దించి, నడిమధ్యలో మొహాన్ని తల్లి వెన్ను పక్కకు తిప్పె. తల వెనకభాగం ముందరి ఎముక కిందికి వచ్చినంక పైకెత్తె. నెత్తి, నుదురు, ముక్కు, గడ్డం ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చె. ఇరుకు వాకిట్లో నులకమంచం దించేటప్పుడు ఒకచోట పక్కకు పడుకోబెట్టి, ఒకచోట నిలబెట్టి తీసుకుపోతాం చూడు, అట్ల. వారం దినాలు చదివినా రానిది ఒక్క గంటలో వచ్చె. నా చేతిలో బొమ్మ ఎన్నిసార్లు ఇరుక్కునిందో, అన్నిసార్లూ ఏ తల్లీ అరవలేదు, ఏ బిడ్డా కమిలిపోలేదు.

ఒక దినం ఆ పెల్విస్‌ను తుడుస్తా అడిగినా, ‘అమ్మా, ఇది దేంతో చేసింది?’ అని. ‘చేసింది కాదు, మనిషిదే’ అనె ఆమె. నా చెయ్యి ఆగిపోయింది. ‘ఎవురిదమ్మా?’ అంటే, ‘ఎవరో పేద తల్లిది. పేరు మనకు తెలీదు. ఆమె ఎముక మీద నువ్వు నేర్చుకుంటాండావు, జాగ్రత్తగా పట్టుకో’ అనె. ఆ దినం నుంచి ఆ పెట్టె తెరిచే ముందు దండం పెట్టుకునే అలవాటు నాకు పడింది.

ఆ ఎముకలు యాడి నుంచి వచ్చేవో తర్వాత తెలిసింది. కలకత్తా నుంచి. ఒక కాలంలో ప్రపంచంలోని మెడికల్ కాలేజీలకు అసలు అస్థిపంజరాలు ఎక్కువగా పోయింది మన దేశం నుంచే. అడిగే దిక్కు లేనోళ్ల శవాలు, తీసుకుపోయేదానికి ఎవరూ రానోళ్ల శవాలు. వాటిని శుభ్రం చేసి, కీళ్లు తీగెలతో కట్టి, పెట్టెల్లో పెట్టి ఓడలకెక్కించేటోళ్లు. 1985లో మన ప్రభుత్వం ఆ ఎగుమతిని నిలిపేసింది. లండన్‌లో చదివిన డాక్టరైనా, అమెరికాలో చదివిన డాక్టరైనా మొదట చేత్తో పట్టి చూసిన మనిషి ఎముక మన పేదోనిదే కావచ్చు. మన కాలేజీ పిల్లోళ్లయితే ‘బోన్ సెట్’ అని సీనియర్ల దగ్గర సగం ధరకు కొనుక్కొని, చదువైనంక జూనియర్లకు అమ్మేటోళ్లు. ఇప్పుడు ప్లాస్టిక్‌వి వచ్చినాయి, మంచిదే. బతికినప్పుడు కడుపు నిండని మనిషి, చచ్చినంక వాని అనుమతి లేకుండా పాఠమైపోవడం నాకు ఎప్పుడూ న్యాయంగా తోచలేదు.

పేదోని ఒంటి మీద నేర్చుకునే పని తప్పాలంటే బొమ్మ కావల్ల. ఈ సంగతి మన పాతకాలపోళ్లకు బాగా తెలుసు. మా పీహెచ్‌సీకి ఆయుర్వేదం చదివిన డాక్టరాయన ఒకరు వస్తాండె. పాతకాలపు వైద్యుడు సుశ్రుతుడు శిష్యులకు చెయ్యి ఎట్ల తిరగనిచ్చినాడో ఆయనే నాకు చెప్పినాడు. తర్వాత నేనూ తెలుగు తాత్పర్యం తెప్పించుకొని చదివినా. కోత నేర్చుకునేదానికి బూడిద గుమ్మడికాయ, సొరకాయ, పుచ్చకాయ, దోసకాయ. పొడిచి లోపలిది బయటికి తీసేదానికి నీళ్లో బురదో నింపిన తోలుసంచి. గీకేదానికి వెంట్రుకలు తియ్యని తోలు. నరంలోకి పోనిచ్చేదానికి తామర తూడు. పుండు లోతు చూసేదానికి పురుగు తొలిచిన కట్టె, వెదురు బొంగు. లోపల ఇరుక్కున్నది లాగేదానికి పనసపండు, మారేడుకాయ గుజ్జు, చచ్చిన పశువు పన్ను. కుట్లు వేసేదానికి బట్ట, మెత్తటి తోలు. కట్టు కట్టేదానికి మనిషి ఆకారంలో చేసిన బొమ్మ. ఎంత శాస్త్రం చదివినా ఈ అభ్యాసం లేనివాడు వైద్యం పనికి తగడని సుశ్రుతుడు ఖండితంగా చెప్పినాడు. చూడండప్పా, అన్నీ మన చేనుగట్ల మీద దొరికేవే. ఖర్చులేని బడి అది.

లోపలి అవయవాలు చూసేదానికి కూడా ఆయన ఒక దోవ చెప్పినాడు. శవాన్ని గడ్డితో, నారతో చుట్టి, బోనులో పెట్టి, మెల్లగా పారే ఏట్లో ఎవరికీ కనపడని చోట ముంచి పెట్టల్ల. ఏడు రాత్రులు పోయినంక తీసి, వట్టివేళ్లు, వెంట్రుకలు, వెదురు వీటితో చేసిన కుంచెలతో మెల్లగా రుద్దితే, తోలు మొదలుకొని ఒక్కొక్క పొర ఊడివస్తాది. లోపల ఉండేదంతా కంటితో చూడొచ్చు. ఆయన ఎముకలు 300 అన్నాడు, చరకుడు 360 అన్నాడు. పండ్లూ గోర్లూ మెత్తటి ఎముకలూ కలిపి లెక్కపెట్టినారు కాబట్టి అంత వచ్చింది. ఈపొద్దు పెద్ద మనిషికి 206 అని చెప్తాం.

తల్లి నుంచి రక్తమాంసాలు, తండ్రి నుంచి ఎముకలు వస్తాయని ఆ కాలపు శాస్త్రం. ఆ మాటనే మనోళ్లు కథగా చెప్పుకొని రాతిలో చెక్కినారు. లేపాక్షి నాట్యమండపంలో మూడు కాళ్ల భృంగిని మీరు చూసినారు కదా? ఆయన శివునికే ప్రదక్షిణం చేస్తా, అమ్మవారికి చెయ్యను అన్నాడంట. తల్లికి కోపమొచ్చి, ‘అయితే తల్లి ఇచ్చింది నాకిచ్చెయ్’ అనిందంట. రక్తం పోయె, మాంసం పోయె, ఉత్త ఎముకల గూడు మిగిలె. నిలబడలేక పడిపోతాంటే శివుడు మూడో కాలు ఇచ్చినాడంట. తర్వాత నేను దాయిలకు, అంటే మంత్రసానులకు, పాఠం చెప్పేటప్పుడు ఈ కథతోనే మొదలుపెడతాంటి. అస్థిపంజరం పటం చూపిస్తే భయపడేటోళ్లు భృంగి అంటే మాత్రం దగ్గరికొచ్చి చూసేటోళ్లు.

మన పక్కనే ధర్మవరం కాడ నిమ్మలకుంట ఉంది. తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, అద్దం మాదిరి వెలుగు పారేంత పలచన చేసి ఆరబెడతారు. తల వేరే, ఒళ్లు వేరే, పైచెయ్యి, మోచెయ్యి, తొడ, కాలు దేనికదే కోసి, కీలు కాడ దారంతో ముడేస్తారు. ముడి గట్టిగా పడితే చెయ్యి లెయ్యదు, వదులైతే వేలాడతాది. ఆ ముడి ఎంత ఉండల్లనో చేతికి తెలిసినోళ్లకు మనిషి కీలు సంగతి తెలిసినట్లే. మా ట్రైనింగుల్లో కీళ్ల గురించి చెప్పేదానికి నేను ఆ బొమ్మలోళ్ల దగ్గర రంగు పోయిన పాత బొమ్మ ఒకటి అడిగి తెచ్చుకున్నా. భుజం ఎటైనా తిరుగుతాది, మోకాలు ఒకపక్కకే మడుస్తాది. తెల్లబట్ట వెనక దీపం పెట్టి చూపిస్తే చదువురాని ఆడోళ్లు గూడా ఒక్కసారికే పట్టుకునేటోళ్లు.

ఇంగ సముద్రాల అవతలి కథ చెప్తా. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైంది, ఎందుకంటే ఇది ఒక మంత్రసాని కథ. ఫ్రాన్సు దేశంలో దు కుద్రే అనే ఆమె ఉన్నింది. ఆ దేశంలో కూడా పల్లెల్లో తల్లులు, బిడ్డలు చానామంది చచ్చిపోయేటోళ్లు. 1759లో ఆ దేశపు రాజు పదిహేనో లూయీ ఆమెను పిలిచి, దేశమంతా తిరిగి పల్లె ఆడోళ్లకు కానుపు నేర్పమని పని అప్పజెప్పినాడు. వాళ్లెవరికీ చదువు రాదు. పుస్తకం పనికిరాదు. అందుకని ఆమె అప్పటికే ఒక బొమ్మ చేసి పెట్టుకునింది, దాన్ని యంత్రం అని పిలిచేది. బట్ట, తోలు, లోపల కూరేదానికి దూది. తల్లి నడుము, తొడలు, దోవ, గర్భసంచి, దాంట్లో బిడ్డ, బొడ్డుతాడు, మాయ. దారాలు లాగితే దోవ సాగుతాది. బిడ్డ బొమ్మకు నోరు కూడా పెట్టింది, కాళ్లు ముందొచ్చిన బిడ్డ నోట్లో వేలు పెట్టి తల వంచేది నేర్పించేదానికి. కవలల బొమ్మలు, నెలలు నిండని బిడ్డ బొమ్మ కూడా ఉండేవి. ఇరవై ఏండ్లకు పైగా ఊరూరూ తిరిగి వేలమందికి నేర్పింది. 1794లో కాలం చేసింది. ఆమె చేసిన యంత్రాల్లో ఒకటి ఇప్పటికీ రువాన్ నగరం మ్యూజియంలో ఉంది. దానికి ఎక్స్‌రే తీస్తే లోపల నిజమైన మనిషి ఎముకే కనపడింది. మా ట్రైనింగు బడిలో పెట్టె ఉన్నింది చూడు, అక్కడ కూడా ఒక పేరు లేని తల్లి.

ఆ కాలంలోనే ఇటలీలో మైనపు బొమ్మలు చేసేటోళ్లు. ఫ్లోరెన్సు నగరంలో 1775లో తెరిచిన మ్యూజియంలో మైనంతో చేసిన మనుషులుండారు. పొట్ట తెరిస్తే పేగులు, కాలేయం, నరాలు, సన్న రక్తనాళాలు. చూస్తే ప్రాణమున్నట్లే ఉంటాయంట. ఆస్ట్రియా రాజు అవి చూసి, తన మిలిటరీ డాక్టర్లు చదువుకునేదానికి వెయ్యికి పైగా చేయించుకున్నాడు. కంచరగాడిదల మీద ఆల్ప్స్ కొండలు దాటించి వియన్నాకు తెప్పించినాడు. అవి ఈపొద్దుకూ ఆడ ఉండాయి. అయితే మైనం బొమ్మకు ఖర్చెక్కువ. ముట్టుకుంటే చెడిపోతాది, విప్పి మళ్లా పెట్టేదానికి కుదరదు. మన మేనెల ఎండకైతే కరిగి కారిపోతాది.

దానికి విరుగుడు కనిపెట్టినోడు ఫ్రాన్సు పల్లెటూరి పిల్లోడు, లూయీ ఓజూ అని డాక్టరు. చదువుకునేదానికి శవాలు దొరక్క, దొరికినవి నిలవక ఇబ్బంది పడినాడు. 1820ల్లో కాగితం గుజ్జు, జిగురు, సుద్ద, కార్కు పొడి కలిపి అచ్చుల్లో వత్తి బొమ్మలు చేసినాడు. ఎండితే కట్టె అంత గట్టిగా ఉంటాయి. ఒక్కొక్క అవయవం ఊడదీసి, చూసి, మళ్లా దాని చోట్లో పెట్టొచ్చు. ప్రతి ముక్క మీద అంకెలు, పేర్లు. ఆయన ఫ్యాక్టరీ పెద్ద పట్టణంలో పెట్టలే. తన సొంత ఊర్లోనే పెట్టి, ఆ ఊరోళ్లకే పని నేర్పినాడు. పల్లెటూరోళ్ల చేతుల్లో తయారైన ఆ బొమ్మలు ఈజిప్టు దాకా, అమెరికా దాకా పోయినాయి. ఇది విన్నప్పుడల్లా నాకు నిమ్మలకుంట తలపుకొస్తాది. నేర్పున్న చేతులు మనకూ ఉండె. ఆ పని మనకు ఎవరూ చెప్పలేదు.

మన దేశంలో ఇంగ్లీషు వైద్యం చదువు మద్రాసులో, కలకత్తాలో 1835లో మొదలాయె. శవాన్ని ముట్టుకుంటే కులం పోతాదని భయపడే కాలం. 1836లో కలకత్తాలో మధుసూదన్ గుప్త అనే వైద్యుడు ముందుకొచ్చి శవాన్ని కోసేదానికి కత్తి పట్టుకున్నాడు. ఆ దినం కోటలో ఫిరంగులు పేల్చినారని చెప్పుకుంటారు. హైదరాబాదులో 1846లో నిజాము మెడికల్ స్కూలు తెరిచి, మొదట్లో పాఠాలు ఉర్దూలోనే చెప్పించినాడు. మన దేశపు భాషలో వైద్యం చెప్పొచ్చని రుజువాయె. మన తెలుగాయన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉండారు కదా, ఎన్నో మందులు కనిపెట్టిన మహానుభావుడు. ఆయన అమెరికా పోకముందు మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలే చెప్పినాడు. ఇంగ మన రాయలసీమకు మెడికల్ కాలేజీ వచ్చింది 1957లో, కర్నూలుకు. మన అనంతపురానికి వచ్చింది 2000లో. చూసుకోండి, మద్రాసులో మొదలైన చదువు మన జిల్లాకు రావడానికి 165 ఏండ్లు పట్టింది. చానాకాలం ఈడ పల్లెల్లో బిడ్డ పుట్టించే పని ఎక్కువగా మంత్రసాని చేతుల్లోనే.

ప్రభుత్వం దాయి ట్రైనింగులు పెట్టినప్పుడు నన్ను నేర్పే పనికి వేసినారు. ఊరూరి నుంచి మంత్రసానులు వచ్చేటోళ్లు. చాలామంది నాకంటే పెద్దోళ్లు. వాళ్లకు దాయి కిట్టు ఇచ్చేటోళ్లం. కొత్త బ్లేడు, ఉడకబెట్టిన దారం, సబ్బు. చేతులు శుభ్రంగా ఉండల్ల, నేల శుభ్రంగా ఉండల్ల, బ్లేడు శుభ్రంగా ఉండల్ల, దారం శుభ్రంగా ఉండల్ల, బొడ్డు మీద ఏమీ పెట్టద్దు. ఇది పదిసార్లు చెప్పిస్తాంటి. బొమ్మ మాత్రం మాకు ఇయ్యలే. అందుకని నేనే మా యమ్మ పాత చీర చింపి, దూది కూరి బిడ్డను కుట్టినా. వెదురుబుట్ట అంచు కోసి పెల్విస్ చేసినా. బొడ్డుతాడుకు బట్ట మెలిపెట్టినా. మాయకు ఎర్రగుడ్డ.

ఆ బొమ్మను చూసి ఒక ముసలి మంత్రసాని తల అడ్డంగా ఊపింది. ‘నర్సమ్మా, ఈ తల మెత్తగుంది. మెత్తటి తల తిరగదు. పసిబిడ్డ మాడు ఎముకలు ఒకదాని మీదికి ఒకటి జరుగుతాయి, అప్పుడే దోవ పడతాది. గట్టిగా ఉండల్ల, కొంచెం లొంగల్ల’ అనింది. మర్నాడు ఎండిన చిన్న సొరకాయ బుర్ర తెచ్చింది. దాన్ని నిలువుగా చీల్చి, మళ్లా కలిపి, పైన బట్ట చుట్టి ఇచ్చింది. వత్తితే అంచులు ఒకదాని మీదికి ఒకటి జరుగుతాయి. మా పుస్తకంలో మౌల్డింగు అని ఒక పేజీ పాఠం ఉంది. చదువురాని ఆమె దాన్ని సొరకాయతో చేసి చూపించె. సుశ్రుతుని శిష్యులు కోత నేర్చుకునిన సొరకాయే ఇది కూడా. ఆ బొమ్మతో నేను రిటైరయ్యేదాకా నేర్పినా. దాని మీద నేర్చుకున్న ఆడోళ్లు బిడ్డ చెయ్యి ముందొచ్చినా, కాళ్లు ముందొచ్చినా లాగకుండా బండి కట్టించి ఆస్పత్రికి తోలినారు. ఎప్పుడు చెయ్యి పెట్టకూడదో తెలియడమే వాళ్లు నేర్చుకునిన పెద్ద విద్య.

ఇంకొక మాట చెప్పల్ల. కరువు ఏట ఒక కూలామెను కానుపుకు నేను పట్నం ఆస్పత్రికి తోడుకొనిపోయినా. ఏ ఆస్పత్రో చెప్పను. ఆమె చుట్టూ చదువుకునే పిల్లోళ్లు నిలబడినారు. ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పెట్టి చూసినారు. ‘చూడొచ్చునా అమ్మా’ అని ఒక్కరూ అడగలే. ఆమె మొహం గోడ పక్కకు తిప్పుకొని పండ్లు బిగబట్టుకునింది. వాళ్లు చెడ్డోళ్లు కాదు, వాళ్లు నేర్చుకోవల్ల, నేర్చుకోకపోతే రేపు ఇంకొకామెను కాపాడలేరు. అయితే ఆ మొదటి తడబాటు, ఆ మొదటి తప్పు ఆ గదిలో ఒక బొమ్మ మీద పడి ఉంటే ఆమెకు అంత నొప్పి ఉండేది కాదు. డబ్బున్నామె దగ్గర అట్ల గుంపుగా నిలబడరు. పేదోని ఒళ్లు ఎవరికీ పాఠ్యపుస్తకం కాకూడదు. అదీ నా తీర్పు.

ఇప్పుడు కాలం మారింది. 2005 నుంచి 108 బండ్లు వచ్చినాయి, కానుపులు దాదాపు అన్నీ ఆస్పత్రుల్లోనే. మంత్రసానులు ఒక్కొక్కరే పోయినారు. ఊపిరి తీసే బొమ్మలు వచ్చినాయి. ఈ బొమ్మలు వచ్చినంక పాతవాటిని మూలకు పడేస్తాండారు. అద్దాల బీరువాలు పగిలి, పటాలు చెదలు పట్టి, బట్ట బిడ్డల తలలు ఊడిపోయి పడుంటాయి. అట్ల పడెయ్యద్దండి. ఏ కాలేజీలో ఉన్నా, ఏ ట్రైనింగు బడిలో ఉన్నా, వాటిని తుడిచి, యాడిది, ఎవరు చేసినారు, దేంతో చేసినారు అని రాసి ఒక గదిలో పెట్టండి. దాయిలు చేసిన బొమ్మలు ఎవరింట్లోనైనా అటక మీదుంటే తెచ్చి ఆ గదికి ఇయ్యండి. అది మన సీమ వైద్యం చరిత్ర.

నేను నా దేహం మెడికల్ కాలేజీ అనాటమీ డిపార్టుమెంటుకు రాసిచ్చినా. పాపా, మీ నాయనకు చెప్పినా, ఒప్పుకున్నాడు. ఆ పెట్టెలోని తల్లిని ఎవరూ అడగలేదు. నన్ను కూడా ఎవరూ అడగలేదు, నేనే ఇస్తాండా. మనసైనోళ్లు మీరు కూడా ఆలోచించండి.

నువ్వు మాత్రం పాపా, ఇది మర్చిపోవద్దు. రేపు కాలేజీకి పోయినంక ఆ కొత్త బొమ్మ దగ్గర సిగ్గుపడకుండా ఎన్నిసార్లైనా తప్పు చెయ్యి. చెయ్యి తిరిగేదాకా వదలద్దు. ఆ తర్వాత ఏ తల్లి దగ్గరికి పోయినా ముందు ఆమె పేరు అడుగు, చెయ్యి పెట్టేదానికి ఆమె ఒప్పుకోలు అడుగు, అప్పుడే ముట్టుకో.